ఇంగ్లిష్ శబ్దాలు నోట్లో ఎక్కడ పుడతాయి, వాటిని గుర్తుల్లో ఎలా రాసుకోవాలి

యాక్సెంట్ వీడియోలు చూసి వాళ్లలా అనడానికి ట్రై చేస్తున్నవాళ్లు కాసేపు అది పక్కన పెట్టండి. నేనూ అమీర్‌పేటలో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి వెళ్లినదాన్నే, సార్ అనడం మేం మళ్లీ అనడం ఇంతే, నాలుక ఎక్కడ పెట్టాలో ఒక్కరోజు కూడా చెప్పలేదు. మన చెవి తెలుగు శబ్దాలకి అలవాటు పడిపోయి ఉంటుంది కదా, అందుకే తేడా వినపడదు, నోటితో పట్టుకోవడమే ఈజీ.

అసలు సగం పని మనకి ఒకటో తరగతిలోనే అయిపోయింది. క, చ, ట, త, ప అని మెల్లగా అనండి, నోటి వెనక వైపు మొదలై ఒక్కో అడుగు ముందుకొచ్చి పెదాల దగ్గర ఆగుతుంది. మన అక్షరాలు పేర్చిందే శబ్దం పుట్టే చోటుని బట్టి, ఏబీసీడీల్లో ఆ వరస లేదు. 1886లో పారిస్‌లో మొదలైన ఇంటర్నేషనల్ ఫొనెటిక్ అసోసియేషన్ అనే సంస్థ ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు ఇచ్చి చేసిన చార్ట్ చూసినా అంతే, కాకపోతే అది పెదాల నుంచి గొంతు వైపు వెళ్తుంది.

ఇప్పుడు ల అని ఆగండి. నాలుక కొన పై పళ్ల వెనక చిగురు గట్టుకి ఆనింది కదా, ఇంగ్లిష్ టీ, డీ శబ్దాలు పుట్టేది అక్కడే. మన ట ఇంకా వెనక, మన త పళ్ల మీద, రెండిటికీ మధ్యలో అన్నమాట. నాలుక మడతపెట్టకుండా అక్కడే ఉంచి టేబుల్ అని చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

తర్వాత ఒక ఆర్టీసీ బస్ టికెట్ తీసుకోండి, పల్చటి కాగితం కాబట్టి దీనికి బాగా పనికొస్తుంది. పెదాలకి రెండు వేళ్ల దూరంలో వేలాడదీసి మామూలుగా పిన్ అనండి, మనలో చాలామందికి కాగితం కదలదు. ఇంగ్లిష్ వాళ్లు అంటే ఎగురుతుంది, ఎందుకంటే మాట మొదట్లో వచ్చే పీ శబ్దానికి వాళ్లు గాలి వదులుతారు, ప కి ఒత్తు పెట్టినట్టు, ఎఫ్ లా మాత్రం కాదు. అదే స్పిన్ అంటే ముందు ఎస్ ఉంది కాబట్టి గాలి రాదు, కాగితం కదలదు. టీ, కే లకి కూడా ఇదే లెక్క. నేను మా అక్క కూతురితో డైనింగ్ టేబుల్ దగ్గర ఇది చేయించా, ఐదు నిమిషాల్లో టికెట్ ఎగిరింది, ఆ పిల్ల మొహం చూడాలి!

వీకి పై పళ్లు కింది పెదవికి తగిలి గాలి రాసుకుంటూ రావాలి, డబ్ల్యూకి పళ్లతో పనే లేదు, పెదాలు గుండ్రంగా ముందుకి. మన వ ఈ రెండిటి మధ్య ఉంటుంది, అందుకే మనం అంటే లోపల వేసుకునే వెస్ట్, పడమర వెస్ట్ ఒకేలా వినపడతాయి. థాంక్స్‌లో మొదటి శబ్దం మన థ కాదు, నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి ఆపకుండా వదలాలి, మూడు సెకన్లు సాగదీయగలిగితే కరెక్ట్, మన థ సాగదు. జూ పార్క్‌లో జూ కోసం గొంతు మీద వేలు పెట్టి స్స్స్ అంటూ మధ్యలో గొంతు మోగించండి, అంతే. ఉర్దూ వాళ్లు జరా అన్నప్పుడు వచ్చేది అదే శబ్దం, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి రోజూ చెవిన పడుతూనే ఉంటుంది.

ఇక రాయడం. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మామూలుగా లెక్కేసే శబ్దాలు 44, హల్లులు 24, అచ్చులు 20, అక్షరాలేమో 26, అందుకే స్పెల్లింగ్‌ని నమ్మకూడదు, ఇందాకటి చార్ట్‌లోని గుర్తుల్లో రాసుకోవాలి. ఇంగ్లిష్ టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి 1958లో పెట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, మన హైదరాబాద్‌లోనే ఉంది, అయినా మా స్కూల్లో ఈ గుర్తులు ఎవరూ చూపించలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

థింక్ తీసుకోండి. అక్షరాలు ఐదు, శబ్దాలు నాలుగే. రెండు ఏటవాలు గీతల మధ్య రాయాలి: మొదట గ్రీకు థీటా, తర్వాత చిన్న సైజు క్యాపిటల్ ఐ, తర్వాత తోక ఉన్న ఎన్, చివర కే. ఎన్‌కి తోక ఎందుకంటే దాని తర్వాత కే ఉంది కాబట్టి నాలుక ముందే వెనక్కి వెళ్లిపోతుంది. మన సున్నా ఏం చేస్తుందో అదే ఇది, పంపులో మ్ అవుతుంది, పందిలో న్ అవుతుంది, లంకలో ఙ్ అవుతుంది, ఆ ఙ్ నే తోక ఎన్.

అన్నిటికంటే ముఖ్యం ఇంగ్లిష్ చిన్న ఈ అక్షరాన్ని తిరగేసి రాసే గుర్తు (ə), దాని పేరు ష్వా. నోరు వదులుగా పెట్టి అనీ అననట్టు అనే అ. బనానాలో మొదటిది, చివరిది రెండూ ష్వాలే, మధ్యలో నా మాత్రమే గట్టిగా పలకాలి, ఆ గట్టి భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత పెడతారు. మనం మూడూ సమానంగా పలుకుతాం, అవతలివాళ్లకి అర్థం కాకపోవడానికి థ, వ ల కంటే నా లెక్కలో ఇదే పెద్ద కారణం. రోజుకి ఐదు మాటలు ముందు మీరే గుర్తుల్లో రాసి, తర్వాతే కేంబ్రిడ్జ్ డిక్షనరీ తెరిచి చూడండి.

చివర ఈడీ వచ్చే మాటలు కూడా అందులో పెట్టుకోండి. గొంతు మోగని శబ్దం తర్వాత అది ట్, మోగే శబ్దం తర్వాత డ్, టీ డీల తర్వాత మాత్రమే ఇడ్. అంటే వర్క్‌కి వర్క్ట్, ప్లేకి ప్లేడ్, వాంట్‌కి వాంటిడ్. ఆస్క్ట్ అనడానికి నోరు తిరగకపోతే కంగారు పడకండి, ఇంగ్లిష్ వాళ్లు కూడా స్పీడ్‌లో ఆ కే వదిలేసి ఆస్ట్ అనేస్తారు.