కథ చెప్పే గేమ్‌కు మల్టీప్లేయర్ పెట్టాలా? కోడ్ రాయకముందే తేల్చుకునే పద్ధతి

కథ గేమ్ చేస్తున్నామని ఎవరితో చెప్పినా వెంటనే అడిగేది ఒకటే: "మల్టీప్లేయర్ ఉందా?" హైదరాబాద్ మూసాపేటలో అద్దె ఫ్లాట్ తీసుకుని నలుగురం కలిసి చేసిన గేమ్‌కూ ఈ ప్రశ్న తప్పలేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన ఊరు మా కథ. వేసవిలో నీళ్లు తగ్గాక ఒక మనవరాలు అమ్మమ్మ ఇంటి గోడలు వెతుక్కుంటూ వెళ్తుంది. అంతా కలిపి మూడు గంటలు. డబ్బు పెడతామని వచ్చినవాళ్లు, "ఒక్కరే ఆడే గేమ్ ఎవరు కొంటారు? కలిసి ఆడేలా చెయ్యండి" అన్నారు. సరేనన్నాం. 5 నెలలు దానికే పోయాయి, చివరికి తీసేశాం. ఆ 5 నెలల్లో మాకు తెలిసినదంతా ఒక్క వారంలో తెలుసుకోవచ్చు.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోకండి. కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: రెండో మనిషి ఈ కథలో ఎవరు? "ప్లేయర్ 2" అని రాస్తే కుదరదు. ఆ మనిషికి ఏదో ఒకటి కావాలి, ఆ మనిషి లేకపోతే కథ ముందుకు కదలకూడదు. 2021లో వచ్చిన "ఇట్ టేక్స్ టూ" చూడండి. విడిపోదామనుకున్న భార్యాభర్తలు బొమ్మలైపోతారు. ఒక చోట ఆయన దగ్గర మేకులుంటాయి, ఆవిడ దగ్గర సుత్తి. ఒకరు మేకు విసిరితేనే ఇంకొకరు దానికి వేలాడి అవతలికి దూకగలరు. కథ చెప్పేదీ చేతులు చేసేదీ ఒకటే కాబట్టి అందులో ఒక్కరే ఆడే మోడ్ అసలు లేదు. మేం రాసుకున్న వాక్యం: "మనవరాలి స్నేహితురాలు, తోడుగా వస్తుంది." ఊరికే తోడుగా వచ్చే మనిషికి కథలో పనేమీ లేదని అక్కడే గుర్తుపట్టాల్సింది.

రెండో రోజు మీ గేమ్‌లో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండే సీన్ తీసుకోండి. ఫైట్లు, పరుగులు వద్దు, అవి ఇద్దరితో ఎలాగూ బాగానే ఉంటాయి. నెట్‌వర్క్ కోడ్ ఒక్క లైను కూడా రాయకుండా, అదే మెషీన్‌కు రెండో కంట్రోలర్ తగిలించి రెండో బొమ్మను వదలండి. స్క్రీన్ చీల్చాల్సిన పని కూడా లేదు. గేమ్ గురించి ఏమీ తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడి నోరు మెదపకుండా చూడండి.

మాది అమ్మమ్మ ఇంటి సీన్. బురద పట్టిన గోడలో దీపపు గూడు ఉంటుంది. మనవరాలు అక్కడ చెయ్యి పెడితే అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది, నిమిషంన్నర సేపు. ఒంటరిగా ఆడినవాళ్లు అక్కడ కదలకుండా ఉండిపోయేవారు. ఇద్దరిని కూర్చోబెట్టినప్పుడు ఒకమ్మాయి గూట్లో చెయ్యి పెట్టింది. రెండో అబ్బాయికి చెయ్యడానికేమీ లేదు. రుబ్బురోలు ఎక్కి దూకడం మొదలుపెట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అమ్మమ్మ మాట్లాడుతూనే ఉంది, వినేవాళ్లు లేరు. ఆ అబ్బాయిది తప్పు కాదు, పక్కన మనిషి ఉంటే ఎవరైనా ఆడతారు, మాట్లాడతారు. ఆ ఇంటిని మూడు వారాలు కూర్చుని కట్టిన మా లెవల్ డిజైనర్ ఆ సాయంత్రం ఏమీ మాట్లాడలేదు. మేం ఈ పరీక్ష చేసింది నాలుగో నెలలో. మీరు రెండో రోజే చెయ్యండి.

ఆ పరీక్షలో నెగ్గితే, ఇప్పటికే చేసినదాంట్లో తిరగరాయాల్సినవి ఏమిటో చూసుకోవాలి. మల్టీప్లేయర్ అంటే పక్కన ఇంకో గది వెయ్యడం లాంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి పునాది మార్చాల్సి వస్తుంది. పాజ్ సంగతే తీసుకోండి. అన్నానికి పిలిస్తే ఒంటరిగా ఆడేవాళ్లు పాజ్ నొక్కి వెళ్తారు. ఇద్దరున్నప్పుడు ఒకరు నొక్కితే రెండోవాళ్ల గేమ్ కూడా ఆగాలా? సేవ్ ఎవరిది? స్నేహితుడి గేమ్‌లో చేరి గంట ఆడినవాడు రేపు ఒక్కడే తెరిస్తే ఎక్కడ మొదలవుతుంది? మధ్యలో ఆట ఆగి సినిమాలా నడిచే కట్‌సీన్ వస్తే, ఒకరు దాటేద్దామంటారు, ఇంకొకరు చూస్తామంటారు. ఒకరు గుమ్మం దాటగానే కథ ముందుకెళ్లేలా పెట్టి ఉంటే, ఇంకా వాకిట్లోనే ఉన్న రెండోవాళ్లు ఆ సీనే కోల్పోతారు. టైమ్ నెమ్మదించే సీన్లుంటే అది మరీ కష్టం, ఒకరికి నెమ్మదించి ఇంకొకరికి మామూలుగా నడవదు కదా. ఒక్కో ప్రశ్నకు ఎదురుగా ఎన్ని రోజుల పనో రాసి మొత్తం కూడండి. నెట్ బలహీనంగా ఉన్న ఇంటినుంచి టెస్ట్ చెయ్యడానికి ఇంకో అంత కలపండి.

ఇద్దరు ఒకే జట్టుగా ఆడే కో-ఆప్ కాకుండా ముక్కూమొహం తెలియనివాళ్లతో మ్యాచ్‌లు పెట్టాలనుకుంటే ఒక చిన్న లెక్క వెయ్యండి. రాత్రి తొమ్మిదింటికి మీ గేమ్‌లో 40 మంది ఉన్నారనుకుందాం. మ్యాచ్‌కు 8 మంది, 10 నిమిషాలు. అందరూ ఒకే చోట ఆడితే 5 మ్యాచ్‌లు నడుస్తాయి, రెండు నిమిషాలకొకటి అయిపోతుంటుంది, కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాత్రం ఆగుతారు. ఇప్పుడు వాళ్లనే ఇండియా, యూరప్, అమెరికా సర్వర్లుగా విడదీసి, ఒక్కోదాంట్లో రెండు మోడ్‌లు పెట్టండి. 6 గుంపులు, గుంపుకు ఆరేడుగురు. ఒక్క మ్యాచ్ కూడా నిండదు.

పెద్ద కంపెనీలకూ ఇది తేలికేం కాదు. 2012లో వచ్చిన "స్పెక్ ఆప్స్: ద లైన్" యుద్ధంలో మనిషి ఎలా కూలిపోతాడో చెప్పే కథ. దాని మల్టీప్లేయర్‌ను వేరే స్టూడియోతో చేయించి అతికించారు. అది అసలు ఉండాల్సింది కాదని లీడ్ డిజైనర్ కోరీ డేవిస్ ఆ తర్వాత బహిరంగంగానే చెప్పాడు. "ద లాస్ట్ ఆఫ్ అస్" విషయం వేరు. 2013 నాటి మొదటి గేమ్‌లో ఫ్యాక్షన్స్ అనే మల్టీప్లేయర్ మోడ్‌ను చాలామంది ప్రేమగా ఆడారు, అది బాగానే కుదిరింది. కానీ ప్లేస్టేషన్ 3లో దాని సర్వర్లు 2019 సెప్టెంబర్‌లో మూసేశారు, కథ మాత్రం ఆ డిస్క్‌లో ఇప్పటికీ నడుస్తుంది. తర్వాత విడిగా తలపెట్టిన ఆన్‌లైన్ గేమ్‌ను 2023 డిసెంబర్‌లో ఆ గేమ్ చేసిన స్టూడియో నాటీ డాగ్ ఆపేసింది. దాన్ని ఏళ్ల తరబడి నడపాలంటే స్టూడియో అంతా అందులోనే ఉండాలి, కథ గేమ్‌లు దెబ్బతింటాయి అని కారణం చెప్పింది. మూడేళ్ల తర్వాత మీ సర్వర్ బిల్లు ఎవరు కడతారో, రాత్రి అది పడిపోతే ఎవరు లేస్తారో పేరుతో సహా రాసుకోండి. పేరు దొరకకపోతే అక్కడితో ఆపేయండి.

ఇన్నీ దాటి "పెట్టాల్సిందే" అని తేలితే కథకు దూరంగా పెట్టండి. "పోర్టల్ 2"లో కో-ఆప్‌కు వేరే రోబోలు, వేరే గదులు, వేరే కథ. "గోస్ట్ ఆఫ్ సుషిమా" 2020 జులైలో ఒంటరి కథగా వచ్చింది, కలిసి ఆడే లెజెండ్స్ మోడ్ అక్టోబర్‌లో ఉచిత అప్‌డేట్‌గా చేరింది. హీరో జిన్ కథ జోలికి పోకుండా, జానపద గాథల్లాంటి వేరే లోకంలో నడుస్తుంది. నాకు నచ్చిన పద్ధతి ఇదే: ముందు కథ పూర్తిచేసి అమ్మండి, జనం ఇంకా కావాలంటే అప్పుడు చూడండి. "మాస్ ఎఫెక్ట్ 3" చేసిన పని మాత్రం చెయ్యకండి. 2012లో విడుదలైనప్పుడు మల్టీప్లేయర్ ముట్టనివాళ్ల సైన్యబలాన్ని సగంగానే లెక్కకట్టి, దానికి ముగింపును ముడిపెట్టారు. జనం బాధపడ్డాక ఆ షరతు సడలించాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఆడితేనే దొరికే ట్రోఫీలు కూడా పెట్టకండి.

ఇంకో మాట. కలిసి ఆడటం అంటే రెండో కంట్రోలరే కానక్కర్లేదు. నేనూ మా తమ్ముడూ కథ గేమ్‌లన్నీ ఒక్క కంట్రోలర్‌తోనే ఆడాం. నేను నడిపిస్తుంటే వాడు "అక్కా, ఆ తలుపు చూడలేదు నువ్వు" అనేవాడు. చచ్చిపోతే కంట్రోలర్ చేతులు మారేది. అలా చూసేవాళ్ల కోసం చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి, అన్నీ చవకే. మల్టీప్లేయర్ తీసేశాక మేం చేసినవి ఇవే: మంచం మీద కూర్చున్నవాళ్లకూ కనిపించేంత పెద్ద సబ్‌టైటిళ్లు, చూస్తున్నవాళ్లు మధ్యలో వెళ్లినా మళ్లీ అక్కడినుంచే చూసేలా చాప్టర్ల ఎంపిక, సేవ్ తెరవగానే కథ ఎంతవరకు వచ్చిందో మూడు వాక్యాల్లో. ఆ మూడు వాక్యాలు అమ్మమ్మే చెప్తుంది. రాసి, గొంతు రికార్డు చేసి పెట్టడానికి మాకు రెండు రోజులు పట్టింది.