తిండి లెక్కలు, 3వ పాఠం: ఉడికిన గింజలా, ఆకుకూరా?

పోయిన పాఠంలో పోషకాల పట్టిక చదవడం నేర్చుకున్నాం, ఈసారి వండిన రెండు పదార్థాలను పక్కపక్కన పెట్టి పోల్చడం. బెంగళూరులో ఉంటున్న మనకు దీనికి బస్సారు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. అలసందలో ఉలవలో ఏదో ఒక ఆకుకూరతో కలిపి ఉడికించి, వంచిన నీళ్లతో సారు, మిగిలినదానికి పోపు పెట్టి పల్య చేస్తారు కదా, ఆ పల్యలో బలం గింజలదా, ఆకుదా? ఎవరినడిగినా టక్కున ఏదో ఒకటి చెప్పేస్తారు. మీరు మాత్రం ముందు "దేని లెక్కన?" అని అడగండి.

అన్నిటికన్నా ముందు, ఎండు గింజల అంకెను ఉడికిన ఆకు అంకెతో పోల్చకండి. ఎండు శనగలు 100 గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 20 గ్రాములు, ఉడికినవాటిలో 9 లోపే. అదేమీ ఆవిరైపోలేదు, గింజ నీళ్లు పీల్చుకుని బరువు రెట్టింపు దాటింది, అంతే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికలు చాలా మంచివి, కానీ వాటిలో ఎక్కువగా ఉన్నవి పచ్చి సరుకు లెక్కలు. అందుకే ఇక్కడ అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలోని ఉడికించిన అంకెలు తీసుకుంటున్నాను, గింజలకు ఉదాహరణగా శనగలు, ఆకుకు పాలకూర.

బరువు లెక్కన చూద్దాం. 100 గ్రాముల ఉడికిన శనగల్లో 164 కేలరీలు, ప్రొటీన్ 8.9 గ్రాములు, పీచు 7.6. అంతే బరువు ఉడికిన పాలకూరలో 23 కేలరీలు, ప్రొటీన్ 3, పీచు 2.4. గింజలే గెలిచాయి. ఇప్పుడు 100 కేలరీలకు లెక్క కట్టండి: శనగల్లో ప్రొటీన్ 5.4 గ్రాములు, పాలకూరలో 13! "పాలకూరలో ప్రొటీన్ ఎక్కువ" అని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు ఈ లెక్క మీదే నడుస్తాయి. అంకె తప్పు కాదు, కానీ ఆ 100 కేలరీలు రావాలంటే ఉడికిన పాలకూర 430 గ్రాములకు పైగా తినాలి, ఒక్క పూటలో అంత ఎవరు తింటారు? కాబట్టి మూడో లెక్క, నాకు ముఖ్యమైనది ఇదే: కంచంలో నిజంగా పడేదెంత. కప్పు శనగల్లో ప్రొటీన్ 14 గ్రాముల పైనే, అరకప్పు పాలకూరలో మూడుకు కాస్త తక్కువ.

అలాగని ఆకు ఓడిపోలేదు. విటమిన్ ఎ, విటమిన్ కె పాలకూరలో దండిగా ఉంటాయి, శనగల్లో నామమాత్రం. ఫోలేట్ అనే బి విటమిన్ రెండింటిలోనూ బాగుంటుంది.

ఇంకొక మెట్టుంది, చాలామంది దాటేసేది ఇదే. పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. 100 గ్రాముల ఉడికిన పాలకూరలో కాల్షియం 136 మి.గ్రా., శనగల్లో 49, కానీ పాలకూరలో సహజంగా ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, ఒంటికి అందేది ఇరవయ్యో వంతు. ఐరన్ పాలకూరలో 3.6, శనగల్లో 2.9, రెండూ సులువుగా పట్టే రకం కాదు, అందుకే వడ్డించే ముందు నిమ్మరసం పిండండి, భోజనం అవగానే ఫిల్టర్ కాఫీ తాగే అలవాటుంటే ఒక గంట ఆగండి. ఉడికిన నీళ్లలోకి ఫోలేట్, విటమిన్ సి కొంత దిగుతాయి, వాటిని సారులో వాడుకోవడం నిజంగా తెలివైన పని. అయితే ఆక్సలేట్లు కూడా ఆ నీళ్లలోకే దిగుతాయి కాబట్టి, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర ఉడికించిన నీళ్లు పారబోయడం మేలు.

ఇక మీ వంతు. 100 గ్రాముల ఉడికిన అలసందల్లో 116 కేలరీలు, ప్రొటీన్ 7.7, ఉడికిన తోటకూరలో 21 కేలరీలు, ప్రొటీన్ 2.1. మీ ఇంట్లో వడ్డించే గరిటెతో రెండూ తూచి, మూడు లెక్కలూ కట్టి రాసిపెట్టుకోండి. 4వ పాఠంలో ఆ కాగితం పక్కనే అన్నం చేర్చి, గింజల ప్రొటీన్‌లో లోటు ఎలా పూడుతుందో చూస్తాం.