నిద్ర పట్టడం లేదా? ముందు లేచే టైము చూడండి

పరుపు మార్చారు, దిండు మార్చారు, మంచం దిక్కు మార్చారు, గసగసాల పాలు తాగారు, ఆన్‌లైన్‌లో నిద్ర గమ్మీలు (నమిలే బిళ్లలు) కూడా తెప్పించారు. నిద్ర మాత్రం రాలేదు. అలాంటివాళ్లని "నిన్న ఎన్నింటికి లేచారు, మొన్న ఆదివారం ఎన్నింటికి లేచారు?" అని అడిగితే తడుముకుంటారు. పైసా ఖర్చు లేని చెకింగ్ ఇదొక్కటే, అందరూ వదిలేసేదీ ఇదే.

గది చీకటిగా ఉండాలి, ఫోన్ పక్కన పెట్టాలి, పడుకునే ముందు బిర్యానీ తినకూడదు. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి మళ్లీ చెప్పడం లేదు.

లక్షణం: పక్క మీద చేరి గంట దాటినా నిద్ర పట్టదు

మొదట అలారం చూడండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా 6:30కి, శని ఆదివారాలు 9:30కి లేస్తున్నారా? అయితే ఆదివారం రాత్రి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు, లెక్క. మెలకువగా ఉన్న గంటలు పెరిగే కొద్దీ నిద్ర ఒత్తిడి, అంటే ఒంటికి నిద్ర కావాలనే ఆరాటం, పేరుకుంటుంది. ఆదివారం మూడు గంటలు ఆలస్యంగా లేస్తే రాత్రి 11కి మూడు గంటల ఒత్తిడి తక్కువగా ఉంటుంది, ఒంట్లోని గడియారం కూడా వెనక్కి జరుగుతుంది. సెలవు రోజు అరగంట, మహా అయితే గంట తేడా ఉండనివ్వండి. అంతకు మించొద్దు.

లేచిన అరగంటలోపు బాల్కనీలోకో డాబా మీదికో వెళ్లి 15, 20 నిమిషాలు వెలుతురులో ఉండండి. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో 5:40 ప్రాంతంలో, జనవరి చివర్లో 6:50 ప్రాంతంలో సూర్యోదయం అవుతుంది, అంటే ఆఫీసుకు బయల్దేరే లోపే ఎండ దొరుకుతుంది. పక్క బిల్డింగు గోడకు ఆనుకున్న ఫ్లాట్లలో పగలంతా ట్యూబ్‌లైట్ల కిందే గడిచిపోతుంది. ఆ వెలుతురు దీనికి చాలదు.

రెండోది చాయ్. "నాకు చాయ్ ఏం చేయదండీ, తాగి కూడా పడుకుంటా" అనే మాట నమ్మొద్దు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువే. గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు బాగా ఎక్కువ. సాయంత్రం 6కి ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్‌తో తాగిన చాయ్‌లో సగం కెఫీన్ రాత్రి 11కి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. నిద్ర పట్టినా పలచబడుతుంది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. అందులో నిద్ర గంటకు పైగా తగ్గింది. ఒక్క చాయ్‌లో అంత ఉండదు, నిజమే. కానీ మధ్యాహ్నం నుంచి ఆఫీసు మెషీన్ దగ్గర ఎన్ని కప్పులు పట్టారో కూడా లెక్కలోకి రావాలి. ఆఖరి చాయ్ మధ్యాహ్నం 2 లోపు. పది రోజులు అలా ఉండి చూసి, అప్పుడు "నాకేం చేయదు" అనండి. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవండి. రోజూ మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు రోజులు తల పగిలిపోతుంది. ఆ నొప్పికి అదే మాత్ర వేసుకుంటే మొదటికొస్తుంది. రెండు రోజులకో కప్పు తగ్గించుకుంటూ రండి.

లక్షణం: చాయ్ మానేశా, ఫోన్ పక్కన పెట్టేశా, అయినా రోజూ ఇదే తంతు

అసలు దొంగ ఇక్కడుంటాడు. బయటికి మంచి అలవాటులా కనిపిస్తాడు కాబట్టి ఎవరూ అనుమానించరు.

ఒక రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు. మర్నాడు "ఇవాళైనా తొందరగా పడుకుందాం" అని 9:30కే పక్క ఎక్కుతారు. 11:30 దాకా అటూ ఇటూ దొర్లుతారు. పొద్దున అలారం ఆపేసి ఇంకో గంట లాగిస్తారు. పోయిన నిద్రను ఇలా పూడ్చుకుంటున్నాం అనుకుంటారు. నిజానికి ఆ రాత్రికి కావాల్సిన ఒత్తిడిని ముందే ఖర్చు పెట్టేస్తున్నారు. పైగా మంచం అంటే మెలకువగా పడుకుని ఆలోచించే చోటు అని ఒళ్లు నేర్చుకుంటుంది. సోఫాలో కళ్లు మూతలు పడుతుంటాయి, మంచం మీదికి రాగానే విచ్చుకుంటాయి. ఇలా జరుగుతోందంటే ఇక వేరే కారణం వెతకొద్దు.

దీనికి తోడు లెక్కలో రాని కునుకు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి సీటు దొరికిందంటే అమీర్‌పేట దాటేసరికి తల వాలిపోతుంది, నాగోల్‌లో కళ్లు తెరుస్తారు. దాదాపు అరగంట నిద్ర, అదీ సాయంత్రం 7, 8 మధ్య. గచ్చిబౌలి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చే కంపెనీ బస్సులోనూ అంతే. "మీరు పగలు పడుకుంటారా?" అంటే "అబ్బే, లేదు" అంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది నిద్రే కాదు. ఇంట్లో పెద్దవాళ్లయితే రాత్రి 8:30కి సీరియల్ ముందు కుర్చీలో గురక పెడతారు, 10కి లేపి మంచం మీద పడుకోమంటే ఒంటిగంట దాకా నిద్ర రాదు. సాయంత్రం 7కి నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్న మనిషికి 9కి అన్నం ఎందుకు సహించడం లేదని ఎవరూ డాక్టర్ని అడగరు కదా.

సరిచేయడానికి ఒక నోట్‌బుక్ తీసుకోండి. వారం రోజులు, పొద్దున లేచాక మాత్రమే, నాలుగు అంకెలు రాయండి: పక్క ఎక్కిన టైము, మొత్తం మీద ఎంతసేపు నిద్రపోయి ఉంటారో ఉజ్జాయింపుగా, పక్క దిగిన టైము, పగటి కునుకులు ఎన్ని నిమిషాలు. రాత్రి గడియారం చూడొద్దు. చూస్తే "ఇంకా మూడున్నర గంటలే" అనే లెక్క మొదలై, ఉన్న నిద్ర కూడా పోతుంది. గోడ గడియారాన్ని హాల్లోకి మార్చండి, ఫోన్‌ను అలారం పెట్టి బోర్లా తిప్పి దూరంగా ఉంచండి.

వారం తర్వాత లెక్క ఇలా వస్తుందనుకుందాం: రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా మంచం మీద 9 గంటలు, నిద్ర సగటున 6 గంటలు. అంటే 67 శాతం. మిగిలిన మూడు గంటలు దొర్లడమే. ఇప్పుడు మంచానికి ఇచ్చే టైము 6 గంటలకు అరగంట కలిపి 6:30 గంటలకు కుదించండి. లేచే టైము ముందు ఖాయం చేయండి, 6 అనుకుందాం. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే పక్క ఎక్కేది 11:30కి. అంతకు ముందు కాదు, ఎంత నిద్రమత్తుగా ఉన్నా సరే. పొద్దున 6 తర్వాత కూడా కాదు, రాత్రి ఎంత చెడినా సరే. కునుకులు బంద్. మెట్రోలో నిలబడి రండి. అస్సలు తట్టుకోలేకపోతే మధ్యాహ్నం 3 లోపు, అలారం పెట్టి, 20 నిమిషాలు.

వారం సగటు 85 శాతం దాటితే, అంటే ఆ ఆరున్నర గంటల్లో 5 గంటల 32 నిమిషాలు నిద్ర పడితే, పక్క ఎక్కే టైము 15 నిమిషాలు ముందుకు, 11:15కి జరపండి. మరో వారం చూసి ఇంకో 15 నిమిషాలు. 80 లోపే ఉంటే 15 నిమిషాలు తగ్గించండి, కానీ సగటు ఎంత తక్కువ వచ్చినా మంచం టైము ఐదున్నర గంటల కిందికి దించొద్దు. పగలు మత్తు లేకుండా ఉండే చోటికి చేరాక ఆపేయండి. చాలామందికి అది 7 గంటల దగ్గర కుదురుతుంది.

ఎక్కడ చెడుతుందంటే, మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఒళ్లు ఊగిపోతుంది, చిరాకు, మతిమరుపు. "ఇది నాకు పడలేదు" అని సరిగ్గా అక్కడే మానేస్తారు. నిజానికి అది పనిచేస్తోందనడానికి గుర్తే. రెండోది, రాత్రి 9:30 నుంచి 11:30 మధ్య సోఫాలో వాలిపోవడం. ఆ రెండు గంటలకు పని పెట్టుకోండి: బట్టలు మడతపెట్టడం, ఇడ్లీ పిండి రుబ్బి గిన్నెలోకి తీయడం, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో నడక. ఫోన్ మాత్రం కాదు. మూడోది ఆదివారం. ఆరు రోజులు కష్టపడి ఏడో రోజు 9 దాకా పడుకుంటే సోమవారం మళ్లీ సున్నా నుంచి మొదలు.

మధ్యలో మెలకువ వచ్చి 20 నిమిషాలు గడిచాయనిపిస్తే, గడియారం చూసి కాదు, అనిపిస్తే చాలు, లేచి హాల్లో మసక దీపం కింద కూర్చోండి. కళ్లు బరువెక్కాకే మళ్లీ మంచం.

ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్‌కు మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు ఈ పద్ధతి సొంతంగా చేయకూడదు. క్యాబ్, లారీ నడిపేవాళ్లు కూడా. మిగతావాళ్లు మొదటి రెండు వారాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి తీయకుండా ఉంటే మంచిది.

లక్షణం: నిద్ర పడుతుంది, కానీ తెల్లవారుజామున 3కి ఠక్కున మెలకువ

ఎండాకాలంలో, పై అంతస్తులో ఉంటే, మనసులోని బెంగలు తవ్వే ముందు ఏసీ రిమోట్ చూడండి. కరెంటు బిల్లు భయంతో 11కి వేసి మూడు గంటల టైమర్ పెడతారు. 2కి ఏసీ ఆగుతుంది. పగలంతా ఎండలో కాలిన స్లాబు ఆ వేడిని రాత్రంతా కిందికి వదులుతూనే ఉంటుంది. మూసి ఉన్న గది గంటలో ఉడికిపోతుంది. రాత్రి రెండో సగంలో కలల నిద్ర ఎక్కువ, ఆ నిద్రలో ఒళ్లు తన వేడిని తాను సరిగ్గా సర్దుకోలేదు. అందుకే 3కి మెడ వెనక చెమటతో లేస్తారు. దిండు తిప్పి చూడండి, తడిగా ఉంటే జవాబు దొరికినట్టే.

టైమర్ తీసేసి 26 దగ్గర, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ, రాత్రంతా ఉంచండి. 20కి పెట్టి మూడు గంటలు వేయడం కన్నా ఇదే నయం. ఏసీ లేనివాళ్లు డాబాకు తెల్ల కూల్ రూఫ్ పెయింటో, కనీసం చిక్కటి సున్నమో వేయించండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ వేడి గురించే.

వేడి కాకపోతే మందు. పడుకునే ముందు రెండు బీర్లు తొందరగా నిద్రపుచ్చుతాయి, దిగేటప్పుడు లేపుతాయి. అదీ కాకపోతే నీళ్ల రోజు. కొన్ని కాలనీల్లో నల్లా రోజు విడిచి రోజు, తెల్లారకముందే వస్తుంది. మోటార్ వేయాలన్న ధ్యాసతో ఇల్లాలికి 3:30కే మెలకువ వస్తుంది. నోట్‌బుక్‌లో మెలకువలు నీళ్లొచ్చే రోజులతో సరిపోతే సంపుకు ఆటోమేటిక్ ఫ్లోట్ స్టార్టర్ పెట్టించండి. నిద్ర మాత్రల కన్నా నయం.

ఛాతీలో మంటతో లేస్తుంటే తిండికీ నిద్రకూ మధ్య మూడు గంటలు ఉంచండి, మంచం తల వైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. దిండ్లు ఎక్కువ పెడితే మెడ వంగుతుంది తప్ప మంట తగ్గదు.

లక్షణం: 8 గంటలు పడుకున్నా లేవగానే అలసట

గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగి ఎగశ్వాసతో లేస్తున్నారా అని పక్కన పడుకునేవాళ్లని అడగండి. మిమ్మల్ని మీరు అడగొద్దు, మీకు తెలియదు. అవునంటే ఇంటి చిట్కాలు ఆపి స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరి తీరు చూసే పరీక్ష) చేయించుకోండి. బీపీ ఉండి, మెడ చుట్టుకొలత 17 అంగుళాలు దాటిన మగవాళ్లయితే అసలు వాయిదా వేయొద్దు. ఊపిరి ఆగే మనిషి నిద్ర మాత్ర వేసుకోవడం ప్రమాదం.

పడుకోగానే కాళ్లు పీకుతూ, కదిపితే తప్ప ఊరుకోనివ్వకపోతే ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వ తక్కువగా ఉండొచ్చు. రాత్రి మూడు సార్లు మూత్రానికి లేస్తే షుగర్ పరీక్ష, థైరాయిడ్ మీద అనుమానం ఉంటే దానికీ ఒక రక్తపరీక్ష. అంతే.

మిగతావి

బరాత్ డీజే: రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు 2000 నాటి నిబంధనల ప్రకారం నిషేధం, 112కి ఫోన్ చేయొచ్చు. ఫోమ్ ఇయర్‌ప్లగ్ పనిచేయలేదంటే సరిగ్గా పెట్టలేదని అర్థం. సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, దూర్చి, అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. దోమలకు తెర, కాయిల్ కాదు. తల ఉత్తరం దిక్కున ఉందా లేదా అనేది పైవన్నీ అయ్యాక, తీరిగ్గా. గమ్మీలూ అంతే. నైట్ షిఫ్ట్ వాళ్లకు ఈ లెక్కలన్నీ తిరగబడతాయి, వాళ్లకు ముందు కావాల్సింది కిటికీకి నల్ల తెర, పొద్దున ఇంటికొచ్చేటప్పుడు చలువ కళ్లద్దాలు.

మూడు నెలలుగా, వారంలో మూడు రాత్రులకు తక్కువ కాకుండా ఇదే తంతయితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నిద్రతో పాటు దేని మీదా మనసు లేకపోతే అన్ని రోజులు ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మెట్రో కునుకులు కూడా రాసినదే.