దూరం నుంచి సమయానికి – మూడో పాఠం: మాడ్రిడ్ నుంచి రోమ్

విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు రాసుకోవడం కిందటి పాఠంలో చూశాం. ఈసారి వాటి నుంచి దూరం, దూరం నుంచి సమయం రాబడదాం. మాడ్రిడ్ బరాహాస్: 40.47 ఉత్తరం, 3.56 పశ్చిమం. రోమ్ ఫ్యుమిచీనో: 41.80 ఉత్తరం, 12.24 తూర్పు.

అక్షాంశాల తేడా 1.33 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 148 కి.మీ. రేఖాంశాల దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకటి పశ్చిమం, ఒకటి తూర్పు కాబట్టి ఇక్కడ తీసివేయకూడదు, కూడాలి: 15.80. పైగా ఉత్తరానికి పోయే కొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి. అందుకని సగటు అక్షాంశం 41.14కు కొసైన్ తీసి (0.753) గుణించాలి. 15.80 × 111.2 × 0.753 = 1,323 కి.మీ. ఇక బడిలో చదివిన పైథాగరస్ చాలు. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 1,331 కి.మీ.

గోళానికి వాడే పూర్తి సూత్రంతో చేసినా ఒకటి రెండు కి.మీ. తేడాయే వస్తుంది. లిస్బన్–హెల్సింకీ లాంటి దూరాలకు మాత్రం ఈ అడ్డదారి వద్దు. అక్కడ 70 కి.మీ. దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఎయిర్‌బస్ ఎ320 తరహా విమానం పైకి చేరాక గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పోతుంది. 1,331ని దానితో భాగిస్తే 96 నిమిషాలు. టైంటేబుల్‌లో మాత్రం రెండున్నర గంటల దరిదాపుల్లో ఉంటుంది. గేటు వదిలి రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, సరళరేఖ కాని దారి, వీటన్నిటికీ నేను 40 నిమిషాలు కలుపుతాను. అప్పుడు 2 గంటల 16 నిమిషాలు. మిగతాది ఆలస్యాల కోసం విమాన సంస్థలు ముందే పెట్టుకునే వెసులుబాటు.

ఇక గాలి. ఈ అక్షాంశాల్లో ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. గంటకు 100 కి.మీ. గాలి ఉందనుకుందాం. రోమ్‌కు పోయేటప్పుడు వాలుగాలి: 930 వేగం, 86 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి: 730 వేగం, 109 నిమిషాలు. పోయేటప్పుడు కలిసొచ్చింది 10 నిమిషాలు, వచ్చేటప్పుడు పోయింది 13. రానూపోనూ కలిపితే గాలి ఎప్పుడూ నష్టమే, ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది. ఈ ముక్క ఒప్పుకోవడానికి మనసు మొరాయిస్తుంది. గాలి వేగం 200 పెట్టి మళ్లీ చేయండి, తేడా ఇంకా పెరుగుతుంది.

గడియారం సంగతి. మాడ్రిడ్ గ్రీనిచ్‌కు పడమరన ఉన్నా 1940 నుంచి స్పెయిన్ మధ్య ఐరోపా సమయాన్నే పాటిస్తోంది. కాబట్టి రోమ్‌తో తేడా లేదు. పొరుగున ఉన్న పోర్చుగల్ మాత్రం ఒక గంట వెనక. దేశమంతటికీ ఒకే గడియారం ఉన్న మనకు ఈ లెక్క అలవాటు లేదు.

అభ్యాసం: లిస్బన్ 38.77 ఉత్తరం, 9.13 పశ్చిమం. అక్కడ ఉదయం 10 గంటలకు గేటు వదిలిన విమానం మాడ్రిడ్ గడియారం ప్రకారం ఎన్నింటికి చేరుతుంది? గాలి లేదనుకోండి. దూరం 513 కి.మీ. దగ్గర్లో రాకపోతే రేఖాంశాలు కూడారో, తీసివేశారో చూసుకోండి. జవాబు నాలుగో పాఠంలో.