రిఫైనరీ సామర్థ్యం అంకెను చదవడం ఎలా: విశాఖ లెక్కతో

విశాఖ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి కోటిన్నర టన్నులు. ఈ అంకె వార్తల్లో కనిపించగానే అంత పెట్రోలు, డీజిలు తయారవుతున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అది లోపలికి వెళ్లే ముడిచమురు (క్రూడ్) లెక్క, అదీ డిజైన్ ప్రకారం. బయటికి ఏమేం వస్తాయి, ఎంత వస్తాయి, అవి మన జిల్లాలకు ఎలా చేరతాయి అన్నది తేల్చాలంటే ఇంకొన్ని ప్రశ్నలు వరసగా వేసుకోవాలి. వాటిలో ముడిచమురును మరిగించి వేరుచేసే కాలమ్ అడుగున మిగిలే చమురు గురించిన ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. వార్తల్లో తరచూ వదిలేసేదీ దాన్నే.

టన్నుల్ని పీపాలు చేయండి

మన దగ్గర సామర్థ్యం టన్నుల్లో చెబుతారు, ముడిచమురు ధర మాత్రం పీపాల్లో (బ్యారెళ్లలో) ఉంటుంది. పీపాకు 159 లీటర్లు. క్రూడ్ సాంద్రత 0.85 అయితే టన్నుకు 1,176 లీటర్లు, అంటే 7.4 పీపాలు. బరువైన 0.89 రకమైతే 7.07 పీపాలే. ఏ రకమో తెలియనప్పుడు 7.33తో గుణించండి. ఇంకా తొందరగా కావాలంటే ఏడాదికి 10 లక్షల టన్నులకు రోజుకు 20 వేల పీపాలు వేసుకోవచ్చు.

ఈ లెక్కన విశాఖది రోజుకు దాదాపు 3 లక్షల పీపాలు. 1957లో కాల్టెక్స్ దీన్ని మొదలుపెట్టినప్పుడు సామర్థ్యం 6.75 లక్షల టన్నులు, అంటే రోజుకు పదమూడున్నర వేల పీపాలు. 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిశాక అంచెలంచెలుగా పెరిగి ఇక్కడికొచ్చింది. కోనసీమలోని తాటిపాకలో ఓఎన్‌జీసీ నడిపే చిన్న రిఫైనరీ సామర్థ్యం 66 వేల టన్నులు, రోజుకు 1,300 పీపాల పైచిలుకు. తెలంగాణలో రిఫైనరీయే లేదు. రెండు రాష్ట్రాల్లో ఉన్న శుద్ధి సామర్థ్యమంతా దాదాపు ఒక్కచోటే ఉందన్నమాట. కాబట్టి ఇక్కడ ఏం జరిగినా రెండు రాష్ట్రాలకూ లెక్కలోకి వస్తుంది.

సామర్థ్యం వేరు, ఆ ఏడాది నిజంగా శుద్ధి చేసింది వేరు. రెండోది కేంద్ర పెట్రోలియం శాఖ కింద పనిచేసే పీపీఏసీ నెలనెలా రిఫైనరీల వారీగా ఇచ్చే పట్టికలో దొరుకుతుంది. ఒక నెల అంకె సగానికి పడిపోతే కంగారుపడకండి. నాలుగైదేళ్లకోసారి పెద్ద యూనిట్లను నెలా నెలన్నర ఆపి మరమ్మతు చేస్తారు. కనీసం 12 నెలల మొత్తం చూడండి.

ఏ క్రూడ్ పడుతోంది?

క్రూడ్ గురించి రెండు అంకెలు అడగండి. మొదటిది ఏపీఐ, అంటే క్రూడ్ ఎంత తేలికో చెప్పే అంకె. 141.5ను సాపేక్ష సాంద్రతతో భాగించి అందులోంచి 131.5 తీసేయండి. సాంద్రత 0.85 అయితే ఏపీఐ 35, 0.89 అయితే 27.5. అంకె ఎక్కువైతే క్రూడ్ తేలిక, తక్కువైతే బరువు. రెండోది గంధకం. అర శాతం లోపైతే స్వీట్, మించితే సోర్. ముంబై హై క్రూడ్ తేలికైనది, గంధకం చాలా తక్కువ. అరబ్ లైట్ పేరుకు లైట్ అయినా గంధకం 2 శాతానికి దగ్గర్లో ఉంటుంది. ఇరాక్ నుంచి వచ్చే బస్రా రకాల్లో 3 శాతం, ఆపైన.

గంధకాన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణముంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ప్రకారం పెట్రోలు, డీజిళ్లలో గంధకం 10 పీపీఎం మించకూడదు. అంటే టన్ను డీజిలులో 10 గ్రాములు. 2 శాతం గంధకమున్న క్రూడ్ టన్నులో 20 కిలోలుంటుంది. ఆ 20 కిలోలను పది గ్రాములకు దించేది హైడ్రోట్రీటర్. అది హైడ్రోజన్‌తో గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చి బయటికి లాగుతుంది. సల్ఫర్ రికవరీ యూనిట్ ఆ వాయువును పసుపు పచ్చని గంధకంగా మారుస్తుంది. కోటిన్నర టన్నుల క్రూడ్‌లో సగటున 2 శాతం ఉంటే ఏడాదికి 3 లక్షల టన్నుల గంధకం వచ్చినట్టు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సల్ఫర్ యూనిట్ ఆగితే హైడ్రోట్రీటర్లను తగ్గించాలి, అవి తగ్గితే క్రూడ్ కూడా తగ్గించాలి, లేదంటే గంధకం తక్కువున్న క్రూడ్‌కు మారాలి. అన్నిటికన్నా చివర ఉండే యూనిట్టే కొన్నిసార్లు మొత్తం రిఫైనరీ వేగాన్ని నిర్ణయిస్తుంది.

ఉప్పును కూడా మరవకండి. క్రూడ్‌తోపాటు వచ్చే ఉప్పు నీటిని ముందు డీసాల్టర్‌లో కడగాలి. క్రూడ్‌ను 120 నుంచి 140 డిగ్రీల దాకా వేడిచేసి, 4 నుంచి 6 శాతం నీళ్లు కలిపి, విద్యుత్ క్షేత్రంలో నీటిబొట్లను పెద్దవిగా చేసి అడుక్కి దించుతారు. ఇది సరిగ్గా జరగకపోతే మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్లు ఫర్నేస్ వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై, కాలమ్ పైభాగంలో ఆవిరి చల్లబడి నీరయ్యే చోట గొట్టాలను తినేస్తాయి. కాలమ్ పైభాగం గొట్టాలు త్వరగా చిల్లులు పడుతున్నాయంటే ముందు డీసాల్టర్ వైపు చూడాలి.

అడుగు లెక్క

ఉప్పు కడిగిన క్రూడ్‌ను ఫర్నేస్‌లో 350–370 డిగ్రీలకు వేడిచేసి కాలమ్‌లోకి పంపుతారు. అంతకన్నా వేడి పెంచితే నూనె విరిగి, గొట్టాల లోపల బొగ్గు పేరుకుంటుంది. కాలమ్‌లో పైనుంచి కిందికి వంటగ్యాస్, నాఫ్తా (పెట్రోలుకు ముడిసరుకు), కిరోసిన్ (విమాన ఇంధనం ఇందులోంచే), డీజిలు విడివిడిగా తీస్తారు. గల్ఫ్ మధ్యరకం క్రూడ్ 100 టన్నులు వేస్తే స్థూలంగా 45 నుంచి 50 టన్నులు ఏదీ కాకుండా కాలమ్ అడుగున మిగులుతుంది. దాన్ని వాక్యూమ్ కాలమ్‌కు పంపుతారు. అక్కడ పీడనం బాగా తగ్గించి తక్కువ వేడికే మరిగిస్తారు కాబట్టి ఇంకో సగం గ్యాస్ ఆయిల్‌గా పైకొస్తుంది. అప్పటికీ 20–25 టన్నులు మిగులుతుంది. చల్లారితే గడ్డకట్టే ఈ నల్లటి సరుకు పేరు వాక్యూమ్ రెసిడ్యూ.

వాక్యూమ్ గ్యాస్ ఆయిల్‌కు రెండు దార్లున్నాయి. పెట్రోలు, వంటగ్యాస్ ఎక్కువ కావాలంటే ఎఫ్‌సీసీ అనే విరిచే యూనిట్‌కు వెళ్లాలి. అక్కడ 500 డిగ్రీలు దాటిన వేడిలో ఉత్ప్రేరకపు పొడితో కొన్ని సెకన్లలోనే అణువులు విరుగుతాయి. డీజిలు ఎక్కువ కావాలంటే హైడ్రోక్రాకర్, 150 బార్లు దాటిన పీడనంతో హైడ్రోజన్. లారీలు, బస్సులు, ట్రాక్టర్ల వల్ల మన దేశంలో పెట్రోలు కన్నా డీజిలు వాడకం చాలా ఎక్కువ. అందుకే కొత్తగా కట్టేవాళ్లు హైడ్రోక్రాకర్ వైపు మొగ్గుతారు.

రెసిడ్యూ సంగతే కష్టం. దాన్ని ఫర్నేస్ ఆయిల్‌గా అమ్మితే సాధారణంగా క్రూడ్ ధర కన్నా తక్కువే పలుకుతుంది. 2020లో ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 3.5 నుంచి 0.5 శాతానికి దించాక ఆ బజారు ఇంకా కుంచించుకుపోయింది. రోడ్లకు తారుగా కొంత పోతుంది గానీ వానాకాలం వస్తే రోడ్డు పనులు ఆగుతాయి, తారు అమ్మకమూ పడిపోతుంది. అందుకే రిఫైనరీ ఎంత పెద్దదన్నా సరే, రెసిడ్యూను ఏం చేస్తున్నారో అడగాలి.

విశాఖ విస్తరణలో దీనికి పెట్టిన రెసిడ్యూ అప్‌గ్రేడేషన్ యూనిట్ సామర్థ్యం 35.5 లక్షల టన్నులు. కోటిన్నరలో ఇది 23.7 శాతం. పైన వేసుకున్న 20–25 శాతంలోకే వస్తోంది చూడండి. వచ్చే రెసిడ్యూ దాదాపు అంతా దీంట్లోకే పంపాలన్న ఆలోచనతో కట్టారని ఈ ఒక్క భాగహారంతో తెలిసిపోతుంది. ఇక్కడ వాడిన ఎల్‌సీ-మ్యాక్స్ పద్ధతిలో హైడ్రోజన్‌తో విరిచే రియాక్టర్లు, ద్రావణితో తారును వేరుచేసే విభాగం కలిసి పనిచేస్తాయి. ఇలాంటి యూనిట్లను ఇబ్బంది పెట్టేది రెసిడ్యూలోని నికెల్, వెనేడియం. అవి ఉత్ప్రేరకాన్ని మూసేస్తాయి, దాన్ని అదేపనిగా మారుస్తూ ఉండాలి. రెండో ఇబ్బంది హైడ్రోజన్ కొరత. హైడ్రోజన్ యూనిట్ కుంటుపడితే హైడ్రోక్రాకర్, హైడ్రోట్రీటర్లు, రెసిడ్యూ యూనిట్ అన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి.

ఇక రిఫైనరీ తన మంట కోసం తానే కాల్చుకునే చమురు, గ్యాస్ ఉన్నాయి. దీన్ని ఫ్యూయల్ అండ్ లాస్ అంటారు. హైడ్రోక్రాకర్, రెసిడ్యూ యూనిట్లున్న చోట ఇది 8 నుంచి 10 శాతం ఉంటుంది. అమ్మకానికొచ్చేది లెక్కగట్టేముందు దీన్ని తీసేయండి.

మార్జిన్ అంకెతో జాగ్రత్త

జీఆర్‌ఎం (స్థూల రిఫైనింగ్ మార్జిన్) అంటే పీపా క్రూడ్‌లోంచి వచ్చిన సరుకుల విలువలోంచి ఆ క్రూడ్ ధర తీసేస్తే మిగిలేది. కోటిన్నర టన్నులంటే ఏడాదికి 11 కోట్ల పీపాలు. అంటే జీఆర్‌ఎం ఒక్క డాలరు కదిలితే 11 కోట్ల డాలర్ల తేడా. అయితే క్రూడ్ ధర పెరుగుతున్న నెలల్లో పాత ధరకు కొన్న నిల్వ వల్ల ఈ అంకె ఉబ్బుతుంది, పడుతున్నప్పుడు కుంగుతుంది. నిల్వ లాభనష్టాలు తీసేసిన జీఆర్‌ఎం ఎంత అని అడగండి. రిఫైనరీ పనితనం అందులోనే కనిపిస్తుంది.

గోడ బయటినుంచి చూసేవాళ్లకు

మల్కాపురం, శ్రీహరిపురం వైపు ఉండేవాళ్లకు ఫ్లేర్, అంటే వదిలేసే గ్యాస్‌ను కాల్చే ఎత్తైన గొట్టం మీది మంట, రోజూ కనిపించేదే. సన్నగా, పొగ లేకుండా వెలిగే మంట మామూలు విషయం. మంట ఒక్కసారిగా పెద్దదై నల్లటి పొగ కక్కుతోందంటే లోపల ఏదో యూనిట్ గ్యాస్‌ను హడావుడిగా వదిలింది, దానికి తగినంత ఆవిరి కలవలేదు అని అర్థం. కరెంటు పోయినా, కంప్రెసర్ ట్రిప్ అయినా ఇలా జరుగుతుంది.

కుళ్లిన గుడ్ల వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ అనుకోండి. దీంట్లో ప్రాణాంతకమైన సంగతి ఒకటుంది: గాలిలో 100 పీపీఎం దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. కాబట్టి వాసన ఆగిందని ప్రమాదం తప్పిందనుకోకూడదు. గాలి వీచే దిశకు అడ్డంగా పక్కకు జరిగి, తర్వాత గాలి వచ్చే వైపు వెళ్లండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, మురుగుకాలవల్లో, పల్లపు చోట్ల పేరుకుంటుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో లీకైన వంటగ్యాస్ అంటుకుని 60 మంది దాకా చనిపోయారు. గ్యాస్ వాసన తగిలితే స్విచ్ వేయకండి, తీయకండి. బండి స్టార్ట్ చేయకండి. మిట్ట వైపు నడవండి.

సరుకు ఊళ్లకు చేరే దారి

విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు 572 కిలోమీటర్ల పైప్‌లైను ఉంది. ఒకే గొట్టంలో పెట్రోలు, డీజిలు ఒకదాని వెనక ఒకటి వెళతాయి. రెండూ కలిసే చోట కొంత కల్తీ అవుతుంది. సాంద్రత మీటరు చూసి ఆ ముక్కను వేరే ట్యాంకులోకి మళ్లిస్తారు. ఇలాంటి లైన్లలో వేగం మామూలుగా సెకనుకు 1–2 మీటర్లు. 1 మీటరు చొప్పున ఆగకుండా నడిచినా సికింద్రాబాద్ చేరడానికి ఆరున్నర రోజులు పడుతుంది. అందుకే రిఫైనరీలో ఇవాళ ఒక యూనిట్ ఆగితే హైదరాబాద్ బంకులో రేపు కొరత రాదు. గొట్టంలో, టెర్మినల్ ట్యాంకుల్లో సరుకు ఉంటుంది, ఓడల్లోనూ రైల్లోనూ వేరేచోట్ల నుంచి తెప్పిస్తారు. పుకార్లు విని క్యూ కట్టడం వల్లే బంకులు ముందు ఖాళీ అవుతాయి.

విశాఖలో కొండరాతి కింద తొలిచిన వ్యూహాత్మక నిల్వల్లో 13.3 లక్షల టన్నులు పడుతుంది. నిండా ఉంటే విశాఖ రిఫైనరీకి 32 రోజులు. అయితే అది ముడిచమురు, దేశమంతటి అవసరానికి ఉంచింది. దిగుమతి ఆగితే ఆదుకుంటుంది, రిఫైనరీయే ఆగితే దానివల్ల బంకుకు చుక్క కూడా రాదు.

చివరి తనిఖీ బంకులో

సాంద్రత చూపించమని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది. 500 మిల్లీలీటర్ల గాజు జార్‌లో ఇంధనం నింపించి, అంచులకు తగలకుండా హైడ్రోమీటర్ వదలండి. అది కుదురుకున్నాక కన్ను ద్రవం మట్టానికి తెచ్చి చదవండి. వెంటనే ఉష్ణోగ్రత చూడండి. బంకులో ఉండే పట్టికతో ఆ సాంద్రతను 15 డిగ్రీలకు మార్చి, రిజిస్టర్లో రాసినదానితో పోల్చండి. తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు.

ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా ఉష్ణోగ్రత దగ్గరే. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఘనపు మీటరుకు పెట్రోలు సాంద్రత 0.9 కిలోల దాకా, డీజిలుది 0.7 కిలోల దాకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల్లో 725 చూపించే పెట్రోలు 15 డిగ్రీల దగ్గర 745. మార్చకుండా పోల్చి డీలరుతో గొడవపడితే లాభం లేదు. 20 శాతం ఇథనాల్ కలవడం వల్ల పెట్రోలు సాంద్రత మునుపటికన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది, అదీ కల్తీ కాదు. డీజిలులో కిరోసిన్ కలిపితే సాంద్రత పడిపోతుంది, పెట్రోలులో కలిపితే పెరుగుతుంది. కానీ పెట్రోలుకు దగ్గరి సాంద్రతున్న ద్రావణులు కలిపితే హైడ్రోమీటర్ పట్టలేదు, దానికి ల్యాబ్‌లో ఆక్టేన్ పరీక్ష కావాలి.

డీలర్లు ట్యాంకులో నీటిని రోజూ చూసుకోవాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలులోకి నీళ్లు దిగితే ఇథనాల్ నీటితోపాటు విడిపోయి అడుక్కి చేరుతుంది. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గుతుంది, అడుగుది బండిలోకి వెళితే ఇంజిన్ ఆగిపోతుంది. వానాకాలంలో మ్యాన్‌హోల్ మూతల రబ్బర్లు ముందే మార్చండి. లోడు దింపకముందే ట్యాంకరు సాంద్రత చలానాతో సరిపోయిందో చూసి, తీసిన శాంపిల్‌కు డ్రైవరు ముందే సీలు వేయించి ఉంచుకోండి. తర్వాత ఫిర్యాదు వస్తే తప్పు టెర్మినల్‌దా, దారిలోదా, ట్యాంకుదా అన్నది ఆ సీసాతోనే తేలుతుంది.