కీమో తీసుకుంటున్న బిడ్డను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

పిల్లలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రక్త క్యాన్సర్. అందులో సాధారణంగా కనిపించే ఏ.ఎల్.ఎల్. (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకానికి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. ఆ కాలంలో బిడ్డ ఎక్కువ రోజులు గడిపేది ఇంట్లోనే.

1. జ్వరానికి ముందే సిద్ధపడండి

మిగతావన్నీ దీని తర్వాతే. కీమో, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులు, ఇచ్చాక వారం పది రోజులకు ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ‘కౌంట్లు పడిపోయాయి’ అని నర్సులు చెప్పేది దీని గురించే. అప్పుడు ఇన్ఫెక్షన్ సోకినా చీము, వాపు కనిపించకపోవచ్చు, జ్వరమొక్కటే గుర్తు కావచ్చు. డిజిటల్ థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయలుదేరండి. పారాసెటమాల్ వేసి చూద్దామనుకోకండి. జ్వరం దిగుతుంది కానీ ఇన్ఫెక్షన్ లోపల పెరుగుతూనే ఉంటుంది. వణుకు వచ్చినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా జ్వరం లేదని ఊరుకోవద్దు. థర్మామీటర్‌ను మలద్వారంలో ఎప్పుడూ పెట్టకండి.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనో, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రిలోనో చికిత్స జరుగుతూ మీ ఊరు చాలా దూరమైతే, డిశ్చార్జి రోజే ఒక ఉత్తరం రాయించుకోండి: ‘ఈ బిడ్డకు కీమో జరుగుతోంది, జ్వరం వస్తే ఆలస్యం లేకుండా రక్తపరీక్ష చేసి, నరం ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టండి’ అని. దగ్గరి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు ముందు అది చూపించండి. ఆ ఉత్తరం, తాజా రక్తపరీక్ష కాగితాలు, మందుల చీటీ, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు ఒకే సంచిలో ఉంచండి. రాత్రివేళ ఎవరి బండిలో వెళ్లాలో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి.

2. మాత్రలు లెక్క తప్పనివ్వకండి

చికిత్స మలిదశలో ఇంట్లోనే రోజూ వేయాల్సిన మాత్రలుంటాయి. బిడ్డ హుషారుగా ఆడుకుంటున్నాడని మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. మింగిన వెంటనే వాంతి అయితే మీ అంతట మీరు రెండోసారి వేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. చూడటానికి వచ్చినవాళ్లు చెప్పే పసరు మందులకు మర్యాదగానే అయినా గట్టిగా వద్దనండి.

3. అప్పుడే వండింది పెట్టండి

వేడివేడిగా తినిపించండి. నిన్నటి కూర, పానీపూరి, బండి మీద కోసి పెట్టిన పండ్లు, కాచని పాలు వద్దు. నోరు పూసినప్పుడు కారం మానేసి, మెత్తని పప్పన్నం చల్లార్చి పెట్టండి.

4. అలకను, ఆకలిని అర్థం చేసుకోండి

చికిత్సలో భాగంగా స్టెరాయిడ్ మందు వేసే వారాల్లో అర్ధరాత్రి ఇడ్లీ అడుగుతారు, చిన్నదానికే గట్టిగా ఏడుస్తారు. అది మందు ప్రభావం, కోప్పడి లాభం లేదు. అలాగని అన్ని నియమాలూ ఎత్తేయకండి. పడుకునే వేళ, చెల్లిని కొట్టకూడదన్న మాట ఎప్పటిలాగే ఉండాలి. నా ఉద్దేశంలో, ఉన్నట్టుండి అన్నిటికీ సరేననే అమ్మానాన్నలను చూస్తేనే పిల్లలు ఎక్కువ భయపడతారు.

5. నిజం చెప్పండి

‘ఈరోజు సూది ఉండదులే’ అని ఆసుపత్రికి తీసుకెళ్లకండి. మరోసారి మీ మాట నమ్మరు. సూది ఉందని, కాసేపు నొప్పిగా ఉంటుందని, మీరు చేయి పట్టుకుంటారని చెప్పండి. తను చేసిన తప్పు వల్ల జబ్బు రాలేదని, ఊడిన జుట్టు మళ్లీ వస్తుందని అడగకముందే చెప్పాలి.

ఈ జబ్బు అంటుకోదని తోబుట్టువులకూ తెలియాలి. వాళ్లకు టీకా వేయించే ముందు క్యాన్సర్ డాక్టరును అడగండి. బడిలో ఆటలమ్మ వచ్చిన పిల్లలతో మీ బిడ్డ గడిపినట్టు తెలిస్తే పొక్కుల కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఫోన్ చేయండి.