ఫైలు పక్కనే ఉంది, ప్రోగ్రామ్‌కి మాత్రం కనబడదు

టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల దగ్గర నేను తరచూ వినే ఫిర్యాదు ఇది: “స్క్రిప్టు పక్కనే ‘జాబితా’ ఫైలుందండీ. అయినా ‘నో సచ్ ఫైల్’ అంటోంది.” కోడ్ చూపించబోతే వద్దంటాను. ముందు నాకు కావాల్సింది ఒక్కటే: దాన్ని ఏ ఫోల్డర్లో ఉండి నడిపారు?

స్క్రిప్టు డిస్కులో ఎక్కడుందన్నది వేరు, నడిచేటప్పుడు దాని వర్కింగ్ డైరెక్టరీ, అంటే అది తాను ఉన్నాననుకునే ఫోల్డర్, ఏదన్నది వేరు. కోడ్‌లో ఉత్త ‘జాబితా’ అని రాస్తే, సిస్టమ్ వెతికేది ఆ వర్కింగ్ డైరెక్టరీలోనే. స్క్రిప్టు పక్కన చూడాలని దానికి తెలియదు.

ఈ డైరెక్టరీ ప్రతి ప్రాసెస్‌కీ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ, సొంతం. పుట్టేటప్పుడు దాన్ని మొదలుపెట్టిన పేరెంట్ ప్రాసెస్ నుంచి వస్తుంది, ఆ తర్వాత ఎవరిది వాళ్లదే. అందుకే డైరెక్టరీ మార్చే ‘సీడీ’ కమాండు, టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే షెల్ లోపలే ఉంటుంది. విడి ప్రోగ్రామ్‌గా ఉంటే తన డైరెక్టరీ తాను మార్చుకుని ముగిసిపోతుంది, షెల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలిరోజుల్లో ఫోర్క్ (ఒక ప్రాసెస్ నుంచి కొత్త ప్రాసెస్‌ను పుట్టించే పద్ధతి) చేర్చగానే డైరెక్టరీ మార్చే కమాండు సరిగ్గా ఇలాగే పనిచేయడం మానేసిందని దాని సృష్టికర్తల్లో ఒకడైన డెన్నిస్ రిచీ రాశాడు. మీ స్క్రిప్టులో సీడీ ఉన్నా, అది పూర్తయ్యాక టెర్మినల్ పాత ఫోల్డర్లోనే ఉండటానికి కారణమూ ఇదే. టెర్మినల్ కూడా మారాలంటే ఆ స్క్రిప్టును ‘సోర్స్’ కమాండుతో నడపండి.

షెల్ ఎక్కడుందో ‘పీడబ్ల్యూడీ’ చెబుతుంది. ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ సంగతి కావాలంటే, లినక్స్‌లో ‘పీడబ్ల్యూడీఎక్స్’ పక్కన ప్రాసెస్ నంబరు ఇవ్వండి. ఊహించడం కంటే ఇది త్వరగా తేలుతుంది.

ఇక సరిచేయడం. స్క్రిప్టు మొదటి లైన్‌లోనే దాని సొంత ఫోల్డర్‌కి సీడీ కొట్టేయమని చాలామంది సలహా ఇస్తారు. నాకది అంతగా నచ్చదు. వాడేవాళ్లు తమ ఫోల్డర్లోంచి ఏదో ఫైలు పేరు ఇచ్చారనుకోండి, మీరు లోపల డైరెక్టరీ మార్చేశాక ఆ పేరు ఇంకెక్కడికో చూపిస్తుంది. నేను పాటించే పద్ధతి వేరు: ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే ఫైళ్లకు స్క్రిప్టు ఉన్న చోటు నుంచి పూర్తి పాత్ (ఫైలు చిరునామా) కట్టుకోవాలి, వాడేవాళ్లు ఇచ్చిన పేర్ల జోలికి పోకూడదు. పైథాన్‌లో అయితే రెండేసి అండర్‌స్కోర్ల మధ్య ఉండే ‘ఫైల్’ అనే పేరును పాత్‌లిబ్ అనే లైబ్రరీకిచ్చి, ‘రిజాల్వ్’ చేసి, ‘పేరెంట్’ తీసుకుంటే చాలు.

చేత్తో నడిపితే పనిచేసి, రాత్రి క్రాన్‌లో (నిర్ణీత వేళకు ప్రోగ్రామ్‌లను దానంతటదే నడిపే ఏర్పాటు) ఫెయిలయ్యే స్క్రిప్టుల్లో నేను మొదట అనుమానించేది కూడా దీన్నే. క్రాన్ మామూలుగా యూజర్ హోమ్ డైరెక్టరీలో మొదలుపెడుతుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద ఉండే సిస్టమ్ సర్వీసులైతే రూట్‌లో, అంటే ఒట్టి స్లాష్ దగ్గర మొదలవుతాయి. సర్వీస్ ఫైల్లో ‘వర్కింగ్‌డైరెక్టరీ=’ అని రాసి పూర్తి పాత్ ఇవ్వండి. విండోస్ షార్ట్‌కట్‌లో ఆ పని ‘స్టార్ట్ ఇన్’ అనే గడి చేస్తుంది.

ప్రోగ్రామ్‌ను వెతకడం మాత్రం వేరే లెక్క. యూనిక్స్ షెల్ కమాండు పేరును ‘పాత్’ వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్లలోనే వెతుకుతుంది, కాబట్టి ఉన్న ఫోల్డర్లోని ప్రోగ్రామ్‌కి ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. పవర్‌షెల్ కూడా అంతే. పాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్ మాత్రం ఉన్న ఫోల్డర్లోనే మొదట చూస్తుంది. ఎవరో పడేసిన ఫైలు అసలు కమాండు పేరుతో నడిచిపోయే ప్రమాదం అక్కడుంది.

పెన్‌డ్రైవ్ తీసే ముందు అన్‌మౌంట్ చేయబోతే ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అని వచ్చి, అందులో ఏ ఫైలూ తెరిచి లేకపోతే, మీ టెర్మినల్స్ చూసుకోండి. ఏదో ఒక షెల్ ఆ ఫోల్డర్లోనే ఉండి ఉంటుంది. దాన్ని బయటకు సీడీ చేసి మళ్లీ ప్రయత్నించండి.